చలిదేశంలో తువ్వాలు బేరం

పత్తి నిండుగా దిగే రోజుల్లో మండీ వదిలిపెట్టి సరదాగా తిరిగొద్దాం రమ్మని పిలిస్తే ఏ అన్నయినా తమ్ముణ్ణి అనుమానిస్తాడు. నేను ఇంకాస్త ఎక్కువే అనుమానించాను. ఆదోనిలో మాది తాతల నాటి పత్తి మండీ. గోనె బోరెం పైన కనపడే తెల్లటి పత్తిని మా ఇంట్లో ఎవరూ చూడరు. మోచేతి దాకా చేయి దూర్చి, అడుగున ఉన్నది లాగి చూస్తారు. తడి ఉందా, మట్టి ఉందా, నిరుటి పత్తి కలిపారా అని. నేను ఆ పనిని పత్తి దగ్గరే ఆపలేదు. పాలవాడు వస్తే నురగ తీయించి చూస్తాను. పెళ్ళికి ఎవరైనా రెండోసారి ఫోన్ చేసి పిలిస్తే, వీళ్ళకు నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. నా భార్య దీన్ని జబ్బంటుంది. నేను జాగ్రత్త అంటాను.

తమ్ముడు ఎమ్మిగనూరు మండీ చూసుకుంటాడు. నాన్న పోయాక కూడా రెండు మండీలూ ఒకే పేరు మీద నడుపుతున్నాం. ఆ పేరుకు మార్కెట్లో విలువ వచ్చింది తమ్ముడి చేతి వల్లే. యార్డులో ఇప్పుడు అన్నీ కంప్యూటర్ టెండర్లే గానీ, పాత వ్యాపారస్తులు తమలో తాము దూది బేళ్ళో పత్తి గింజలో అమ్ముకునేటప్పుడు బేరం ఇంకా తువ్వాలు కిందే. ఇద్దరి కుడిచేతుల మీదా ఒక తువ్వాలు కప్పుతారు. నోట మాట ఉండదు. వేళ్ళు పట్టుకుని నొక్కితే ధర, చేయి తోసేస్తే కుదరదని, పిడికిలి మూసి పట్టుకుంటే ఖాయమని. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలియదు గానీ ఎదుటివాడి చేయి మాత్రం అన్నీ చెప్పేస్తుంది. చెమట పట్టిందంటే అవసరంలో ఉన్నాడు, వణికిందంటే భయపడుతున్నాడు. వణికే చేయి దొరికిందంటే ఎవడూ జాలిపడడు, ఇంకాస్త కిందికి లాగుతాడు. మా తమ్ముడి చేతి గురించి దళారులు నాతో అనేవాళ్ళు, "గోడను పట్టుకున్నట్లుంటాదప్పా, ఏమీ తెలీదు" అని. నాకు గర్వంగా ఉండేది.

అలాంటివాడు ఒక ఏడాదిగా తువ్వాల్లో చేయి పెట్టడం మానేశాడు. "యా కాలంలో ఉండామన్నా, ఫోన్లో ధర సెప్తే సాలు" అనడం మొదలుపెట్టాడు. తప్పదనుకున్న బేరాలకు గుమస్తాను పంపేవాడు. రోజూ నున్నగా గీసుకునే మనిషి గడ్డం పెంచాడు. మా మండీకి వచ్చినప్పుడు టీ తెస్తే "సగం పోయప్పా" అనేవాడు. కుడిచేయి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. జేబులో ఫోన్ ఉంటుంది కదా, ఎవరి నుంచి కబురొస్తుందని అంత కాపలా అని నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఈలోగా పత్తి తెచ్చిన హాలహర్వి రైతు ఒకాయన డబ్బు తీసుకుంటూ, "మీ తమ్ముడు బళ్ళారిలో కనపడినాడప్పా, రెండు మార్లు సూసినాను" అన్నాడు. బళ్ళారిలో మాకు వ్యాపారం లేదు, చుట్టాలూ లేరు. నాకు విషయం అర్థమైపోయింది. బళ్ళారి పార్టీ ఎవరితోనో కలిసి సొంతంగా మండీ పెట్టుకుంటున్నాడు. నాన్న పేరు రెండు ముక్కలవుతుంది.

ఆ విషయం నోటితో అడగలేకపోయాను. అడిగితే ఔనంటాడేమోనని భయం. ఇలా నేను నలిగిపోతున్న రోజుల్లోనే వాడు ఆదోని వచ్చి స్వీడన్ సంగతి ఎత్తాడు. హైదరాబాదు ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీ ఉందట. స్టాక్‌హోమ్‌లో ఒక్క వారం. ఇద్దరమే.

"సీజన్ల యాడికప్పా?" అన్నాను.

"ఎప్పుడూ సీజనే గదన్నా మనకి. మంచు సూద్దాం, రా."

"మంచే గావాలంటే సిమ్లా పోవచ్చు గదా."

"సిమ్లాలో మనోళ్ళు తగుల్తారు" అన్నాడు.

మనవాళ్ళు తగిలితే వీడికేం నష్టం? ఆ మాటతో నా అనుమానం గట్టిపడింది. లోపల వంటింట్లో నా భార్య గిన్నె దించిన చప్పుడు వినిపించింది. తమ్ముడు వెళ్ళాక బయటికొచ్చి, "పత్తి దిగే టయానికి ఎవురన్నా ఊరికే తిరగనీకి పిలుస్తారా? ఆడికి తీస్కపోయి, మెత్తగా మాట్లాడి, భాగాలు పంచుకుందామంటాడు సూడండి. ఈడైతే మీరు అరుస్తారు గదా" అంది. జబ్బు జబ్బు అని నన్ను అనే మనిషి అలా అంటే ఇక నాకు సందేహం ఎక్కడిది? అయినా బయల్దేరాను. వాడు ఎంత దూరం తీసుకెళ్ళి అడుగుతాడో చూడాలనిపించింది. ఆమె సంచీలో కడక్ జొన్న రొట్టెలు, శనగకాయల పొడి, ఉగ్గాని కలుపుకోవడానికి బొరుగులు సర్దింది. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని రైల్వే స్టేషన్లో మళ్ళీ చెప్పింది.

స్టాక్‌హోమ్‌లో దిగినప్పటి నుంచీ నాకు ఏదీ నచ్చలేదు. మధ్యాహ్నం భోజనం చేసి కిటికీలోంచి చూస్తే చీకటి. మా ఊళ్ళో ఆ వేళకి ఎండ నడినెత్తి దిగీదిగక ఉంటుంది. సూర్యుణ్ణి కూడా తమ్ముడే మాట్లాడి పంపించేశాడేమో అనుకున్నాను. ఊరంతా నీళ్ళు, నీళ్ళ మధ్య ద్వీపాలు, వాటిని కలుపుతూ వంతెనలు. రోడ్ల మీద జారకుండా కంకర పోశారు. ప్రతి కిటికీలో ఒక దీపం పెట్టుకుని, పరదా వేసుకోకుండా కూర్చుంటారు. దారిన పోయేవాడు లోపల ఏముందో చూస్తాడన్న భయం లేని మనుషులను నేనెప్పుడూ చూడలేదు. ఒక దుకాణంలో రొట్టె కొని ఆ దేశపు నోటు ఇస్తే ఆ పిల్ల తీసుకోలేదు, కార్డు చూపించమంది. డబ్బు వద్దనే దుకాణదారుణ్ణి చూశాక ఇక ఆ ఊళ్ళో దేన్ని నమ్మమంటారు?

అన్నిటికంటే తమ్ముడి ప్రేమే నాకు ఎక్కువ చేటుగా తోచింది. నాకు కోటు కొన్నాడు. చెవులు మూసే టోపీ కొన్నాడు. కంకర మీద నడుస్తుంటే, "మెల్లగన్నా, మెల్లగ" అని మోచేయి పట్టుకునేవాడు. చిన్నప్పుడు కూడా ఇంత చేయలేదు. ఇంత చేస్తున్నాడంటే అడగబోయేది ఎంత పెద్దదో అని నేను లెక్క వేస్తూ ఉండేవాణ్ణి. వాడు మాత్రం ఏమీ అడగడు. రాతి గుహలు తొలిచి, గోడలకు రంగులు వేసిన రైలు స్టేషన్లు చూపించాడు. సందుల్లో పసుపు గోడల పాత ఇళ్ళు చూపించాడు. దాల్చినచెక్క వాసన వచ్చే బన్ను తినిపించాడు. నేను ఆ బన్నులో ఏం కలిపారో అని వాసన చూసి తిన్నాను.

గదిలో ఉగ్గాని కలిపితే చెంచాతో తిన్నాడు. ఎడమచేత్తో. జొన్న రొట్టె విరవమంటే, "నువ్వే విరిచియ్యన్నా" అన్నాడు. విరిచి ఇచ్చాను. పెద్దరికం ఇచ్చి పడగొట్టే పద్ధతి ఇదని మనసులో అనుకుంటూనే, శనగపొడి అద్ది మరీ ఇచ్చాను.

ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి వాడు కోటు తొడుక్కుని ఉన్నాడు. "కాఫీ తాగొస్తాను, నువ్వు పండుకో" అన్నాడు. హోటల్లో కాఫీ ఉంది కదా! ఇదే ఆ సమయం, బళ్ళారి పార్టీ ఇక్కడికే వచ్చినట్టుంది అనుకున్నాను. టోపీ కళ్ళ దాకా లాక్కుని వెనకే బయల్దేరాను. ఆ చలిలో దొంగచాటుగా నడవడం ఎంత కష్టమో చెప్పలేను. కంకర కరకరమంటుంది, ముక్కు కారుతుంది, పెద్ద కోటులో మనిషి రెట్టింపు లావు కనపడతాడు.

నీళ్ళ పక్కన ఒక చిన్న సంతలాంటిది ఉంది. చెక్క కొట్లు, పైన దీపాలు, వేడివేడిగా ఏదో తాగడానికి ఇస్తున్నారు. జనం పొడుగాటి బల్ల చుట్టూ నిలబడి, చేతి తొడుగులు తీసి, కాగితం కప్పులు రెండు చేతులా పట్టుకుని తాగుతున్నారు. గాలి కోసేస్తోంది. అందరి చేతులూ గడగడలాడుతున్నాయి. మా తమ్ముడు వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. కప్పు పట్టుకున్నాడు. పక్కన తెల్లగడ్డం ముసలాయన ఏదో అన్నాడు. తన కప్పులోంచి ఒలికింది చూపించి నవ్వాడు. తమ్ముడి కప్పులోంచి కూడా ఒలికింది. వాడూ నవ్వాడు. అంత బాగా నవ్వడం నేను ఏడాదిగా చూడలేదు.

కొట్టు చాటున నిలబడి నేను ఆ తెల్లగడ్డాన్నే చూశాను. ఈయనేనన్నమాట. పత్తి కొనే దొర. బళ్ళారి వాళ్ళను దాటి ఏకంగా ఇక్కడి వాళ్ళతోనే కలిశాడు వీడు. కానీ ఆయన తాగేసి, తమ్ముడి భుజం తట్టి, కుక్కను తీసుకుని తన దారిన పోయాడు. ఇంకెవరో వచ్చారు, వాళ్ళూ తాగి పోయారు. తమ్ముడు మాత్రం ఖాళీ కప్పుతో అక్కడే ఉన్నాడు. ఎవరి కోసం చూడటం లేదు. ఫోన్ తీయలేదు. ఊరికే ఆ జనంలో నిలబడి ఉన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానిదంటే నాకు ఇంకా కోపం.

ఆ రోజే ఒక ద్వీపానికి పోయే పడవ ఎక్కాం. లోపల వెచ్చగా ఉంది. కోట్లు తీసేసి కూర్చున్నారు జనం. కిటికీ అవతల నీళ్ళ మీద పలచగా మంచు పలకలు తేలుతున్నాయి. తమ్ముడు కోటు తీయలేదు, తొడుగులూ తీయలేదు. కుడిచేయి జేబులో ఉంది.

నేనిక ఆగలేకపోయాను. "పొద్దున నీ వెనకే వచ్చినాను" అన్నాను.

వాడు చప్పున నా వైపు తిరిగాడు. "యాడికి?"

"ఆ కప్పుల దగ్గరికి. ఎవరప్పా ఆ గడ్డమాయన?"

"నాకేం తెలుసన్నా. ఎవరో."

"బళ్ళారిలో ఉండేది గూడా ఎవరోనేనా?"

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. అది నాకు ఔనన్నట్టే అనిపించింది. అరవాలనిపించింది గానీ చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసగా మాట్లాడుకునే మనుషులు. మెడలోంచి మఫ్లర్ లాగి ఇద్దరి మధ్యా పరిచాను.

"నోటితో సెప్పలేకపోతే చేత్తో సెప్పు. నీకేం గావాలో అడుగు. ఎంతైనా ఇస్తాను. నాయన పేరు మాత్రం నాకిడిసిపెట్టు" అన్నాను.

"వద్దన్నా."

"పెట్టు చెయ్యి."

"అన్నా, వద్దు."

"పెడతావా, లేదా?"

వాడు తొడుగును పళ్ళతో పట్టి లాగి, చేయి మఫ్లర్ కిందికి తెచ్చాడు. నేను పట్టుకున్నాను. ఏ వేలు నొక్కుతాడా, ఎంత అడుగుతాడా అని ఎదురు చూశాను. ఏమీ నొక్కలేదు. చేయి వణికింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. భయపడుతున్నాడు, బేరంలో నేను గెలిచాను అనుకున్నాను. అన్నేళ్ళ అలవాటు కదా. గట్టిగా పట్టుకుంటే వణుకు ఆగింది, సడలిస్తే మళ్ళీ మొదలైంది. బొటనవేలు చూపుడువేలికి రాసుకుంటూ ఆగకుండా ఆడుతోంది. బీడీ చుట్టేవాళ్ళ వేళ్ళు అలా ఆడతాయి. భయంతో వణికే చేతులు నేను చాలా పట్టుకున్నాను. ఇది అది కాదు. చెమట లేదు. చేయి వెచ్చగా, పొడిగా ఉంది. ముఖం చూశాను. ముఖంలో భయం లేదు, సిగ్గుంది.

"ఎప్పట్నించప్పా?" అన్నాను.

"పోయినేడు శనగకాయలప్పట్నించి. బళ్ళారిలో నరాల డాక్టరుండాడు. ఆయప్ప కాడికే పోతాంటి. మందులతో కొంచెం అణుగుతాదంట. పోయేది గాదంట."

"నాకెందుకు సెప్పల్యా?"

"ఎట్ల సెప్పల్ల? మనకుండేదే చెయ్యి గదా. తువ్వాల్లో ఈ చెయ్యి పెడితే రేపట్నించి ఎమ్మిగనూరులో ఎవుడు మన మాట ఇంటాడు? నేనే పక్కకి తప్పుకుంటా అని సెప్పనీకి పిల్చుకొచ్చినాను. ఇన్ని రోజులూ నోరు రాల్యా."

బళ్ళారి పార్టీ, తెల్లగడ్డం దొర, భాగాలు, సంతకాలు, అన్నీ నేనే అల్లుకున్నాను. వాడేమో ఇక్కడ నేను విరిచిన రొట్టె ముక్కలు ఎడమచేత్తో తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపం చేసుకుని, "దానికి ఇంత దూరం రావల్లనా? ఈ చీకటి ఊరికి?" అన్నాను.

వాడు కిటికీ వైపు తల తిప్పి చెప్పాడు. "ఈడ చలికి అందరి చేతులూ వణుకుతాయి గదన్నా. నాది గూడా కలిసిపోతాది. టీవీలో సూసినప్పట్నించి రావల్లని ఉండె."

పడవ ద్వీపం దగ్గర ఆగింది. జనం దిగారు, కొత్తవాళ్ళు ఎక్కారు. మేము దిగలేదు. అదే పడవలో వెనక్కి వచ్చాం. మఫ్లర్ కింద నేను వాడి పిడికిలి మూసి పట్టుకునే ఉన్నాను. టికెట్ చూడటానికి వచ్చిన ఆమె మా ఒళ్ళో మఫ్లర్‌ను కాస్త వింతగా చూసింది.

మర్నాడు పొద్దున ఇద్దరం కలిసే ఆ కప్పుల దగ్గరికి వెళ్ళాం. నేను కూడా తొడుగులు తీశాను. నా కప్పులోంచే ఎక్కువ ఒలికింది.

తిరిగొచ్చాక నా భార్య మొదట అడిగింది సంతకం గురించే. పెట్టలేదన్నాను. మిగతాది చెప్పడానికి నాకు వారం పట్టింది. విన్నాక ఆమె ఎమ్మిగనూరు పోయి మా మరదలితో చాలాసేపు కూర్చుని వచ్చింది.

ఎండలు మొదలయ్యాక ఒకనాడు నందవరం నుంచి పాత వ్యాపారస్తుడొకాయన పత్తి గింజల బేరానికి ఎమ్మిగనూరు మండీకి వచ్చాడు. బేరాలున్న రోజుల్లో నేనిప్పుడు అక్కడే ఉంటాను. ఆయన కూర్చుంటూనే భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. ఫోన్లూ గీన్లూ నాకొద్దన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. తువ్వాలు కిందికి ముందు నా చేయి పోయింది. దాని మీద తన చేయి పెట్టమని తమ్ముడికి కళ్ళతో సైగ చేశాను. ధర కట్టడంలో వాడి బుద్ధికి నేను సరిపోను. వాడు నా వేళ్ళ మీద నొక్కినది నేను ఆయన వేళ్ళ మీద నొక్కాలి, అంతే.

"ఇదేమప్పా, అన్నదమ్ములిద్దరూ పెడతారా? ఇదేం పద్ధతి?" అన్నాడాయన.

"మాది ఇదే పద్ధతి" అన్నాను.

బేరం సాగింది. తమ్ముడు నొక్కాడు, నేను నొక్కాను. ఆయన తోశాడు, మేము మళ్ళీ పెట్టాం. ఉన్నట్టుండి ఆయన ఆగి, తువ్వాలు వైపు చూసి, నా ముఖమూ తమ్ముడి ముఖమూ మార్చి మార్చి చూశాడు.

"ఎవురి చెయ్యప్పా వణుకుతాండేది?" అన్నాడు.

తమ్ముడు చేయి వెనక్కి తీసుకోబోయాడు. నేను వదల్లేదు.

"నాది" అన్నాను. "చలి."

బయట ఎండ కాస్తోంది, పైన ఫ్యాను తిరుగుతోంది, ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. ఆయన నా మాట నమ్మలేదు. ఆయన స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.